టి.నగర్ వాననీటి కాలువ: తోక నుంచి తలకు వేసిన లెక్క

నీరు పల్లమెరుగు అంటారు. చెన్నై టి.నగర్‌లో నీటికి ఆ పల్లమే సరిగ్గా దొరకదు. కిలోమీటరు నడిచినా నేల దిగేది దాదాపు అర మీటరే. దిగిన చోట మాంబలం కాలువ ఉంటుంది, అది నిండి ఉంటే నీరు ఎక్కడిదక్కడే నిలబడుతుంది. ఇలాంటి చోట కొత్త కాలువ ఎంత వెడల్పు ఉండాలన్నది రెండో ప్రశ్న. కాలువ చివర నీటిమట్టం ఎంతకు లేస్తుందన్నది మొదటిది. మొదటిదానికి జవాబు లేకుండా రెండోదానితో మొదలైన పథకాలు కాంక్రీటు పోస్తాయే తప్ప రోడ్డు మీది నీటిని దింపవు.

ఇక్కడ వివరిస్తున్నది టి.నగర్ తూర్పు భాగం తరహా ఉపపరివాహకం, అంటే ఒకే కాలువలోకి నీరు చేరే ప్రాంతం, ఒకదానికి చేసిన ప్రణాళిక లెక్క. పరివాహకం అంకెలు లెక్క సులువుగా తెలియడానికి గుండ్రం చేసినవి, ఏ ఒక్క వీధి టెండరువీ కావు. నేల స్వభావం, కాలువలు, నది, వానలు మాత్రం ఆ ఊరివే.

చెరువు పోయింది, శిఖం మిగిలింది

ఈ పేట పేర్లలో సగం మనవే. త్యాగరాయ నగర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద, పానగల్ పార్కు పానగల్ రాజా పేరు మీద వచ్చాయి. బజుల్లా రోడ్డులో ఎన్.టి.ఆర్. ఇల్లు ఉండేది. తి.తి.దే. ఆలయానికి వెళ్ళే తెలుగువాళ్ళకు వెంకటనారాయణ రోడ్డు కంఠతా వచ్చు. వీళ్ళలో చాలామందికి తెలియనిది, తాము నడుస్తున్నది చెరువు శిఖం, అంటే చెరువు అడుగు నేల, మీద అని. 1920లలో ఈ నగర్‌ను వేసింది మద్రాసు పడమటి అంచున ఉన్న పొడవాటి చెరువును ఎండగట్టి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని లాంగ్ ట్యాంక్ అనేవాళ్ళు. వళ్ళువర్ కోట్టం కూడా ఆ నీటి చోటులోనే ఉంది.

చెరువు శిఖానికి రెండు లక్షణాలుంటాయి. మధ్య భాగం పళ్ళెంలా చదునుగా ఉంటుంది, అడుగున బంకమన్ను నీటిని తొందరగా ఇంకనివ్వదు. గట్టు, తూము, అలుగు మాయమైనా ఈ రెండూ మాయం కావు. చెరువు నీటిని అడయారు నదికి చేర్చే పని ఇప్పుడు మాంబలం కాలువది. వళ్ళువర్ కోట్టం వైపు నుంచి టి.నగర్, సి.ఐ.టి. నగర్ మీదుగా వచ్చి నందనం దగ్గర అది నదిలో కలుస్తుంది. 2021 నవంబరు 7 ఉదయానికి నుంగంబాక్కంలో 24 గంటల్లో 21 సెం.మీ. వాన పడినప్పుడు టి.నగర్ వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. ఆ తర్వాత ప్రభుత్వం తిరుప్పుగళ్ నాయకత్వంలో వరద నివారణ కమిటీ వేసింది.

కొలతలు

సర్వే అంతా ఒకే ఆధార మట్టం మీద జరగాలి. చెప్పడానికి ఇది చిన్న విషయం. చెన్నైలో ఎక్కువగా కొంప ముంచేది మాత్రం ఇదే. కార్పొరేషన్ డ్రాయింగుల్లో మట్టాలు సగటు సముద్రమట్టం నుంచి ఉంటాయి. ఆటుపోట్ల పట్టికలో ఎత్తులు రేవు వాళ్ళ చార్టు మట్టం నుంచి ఉంటాయి. రెంటికీ అర మీటరు పైచిలుకు తేడా. పాత రోడ్డు డ్రాయింగుల్లోనైతే ఏదో గుడి మెట్టును 100.000 అని పెట్టుకుని వేసినవీ దొరుకుతాయి. వెయ్యికి ఒకటి వాలున్న కాలువలో అర మీటరు అంటే 500 మీటర్ల పొడవు వాలు మొత్తం.

అందుకే ముందు నది నుంచి మొదలుపెట్టి పరివాహకం తలదాకా ఆటో లెవెల్ (మట్టాలు కొలిచే దుర్భిణి)తో వెళ్ళి, తిరిగి మొదలైన చోటికే వచ్చి లెక్క సరిచూసుకునే లెవెలింగ్ చేయాలి. డ్రోన్ పటాలు, ఉపగ్రహ పటాలు ఇంత చదును నేలకు సరిపోవు. వాటి పొరపాటు మన వాలు కంటే పెద్దది. ప్రతి కూడలిలో రోడ్డు మధ్య, రోడ్డు అంచు, పక్క ఇంటి గేటు మట్టం, ఈ మూడూ తీయాలి. గేటు మట్టం ఎందుకంటే, తారు మీద తారు వేస్తూ పోయిన వీధుల్లో ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. అక్కడ రోడ్డు మీద నీరు లేకపోయినా వాకిట్లో ఉంటుంది.

తర్వాత పాత కాలువలు. ప్రతి మ్యాన్‌హోల్ తెరిచి అడుగు మట్టం, పూడిక మందం, పక్క నుంచి దూరిన గొట్టాలు రాసుకోవాలి. ఇది ఎండాకాలంలోనే చేయాలి. ఏప్రిల్‌లో వాననీటి కాలువలో నీరు పారుతోందంటే అది మురుగే, ఎవరో కనెక్షన్ ఇచ్చుకున్నారు. ఈ నీటి లోతు కొలిచి పెట్టుకోవాలి. వాన రాకముందే కాలువలో ఎంత భాగం వాడేసుకున్నారో ఆ లోతే చెబుతుంది.

ఆఖరిది, జనాన్ని అడగడం. కిరాణా కొట్టు గోడ మీద తడి గుర్తు, అపార్టుమెంటు వాచ్‌మన్ చూపించే మెట్టు, ఆటో స్టాండులో 'ఇక్కడిదాకా' అని చూపే చెయ్యి, అన్నిటికీ లెవెల్ తీసి తేదీతో రాసుకోవాలి. పక్కపక్కన ఉన్న గుర్తులన్నీ ఒకే మట్టంలో ఉంటే నీరు దిగువ నుంచి ఎగదన్నిందని అర్థం. రోడ్డు వాలుతో పాటు గుర్తులూ దిగుతూ పోతే ఇన్‌లెట్లు, అంటే రోడ్డు నీరు కాలువలోకి దిగే నోళ్ళు, నీటిని తీసుకోలేదని అర్థం. రెండు జబ్బులకూ మందులు వేరు.

ఎంత నీరు

ఉపపరివాహకం 36 హెక్టార్లు. ప్రధాన కాలువ పొడవు 900 మీ. ఆ పొడవులో నేల దిగేది 0.5 మీ., కాలువ అడుగుకు ఇవ్వగలిగింది 0.9 మీ., అంటే వెయ్యికి ఒకటి. తల దగ్గర రోడ్డు నుంచి కాలువ అడుగుకు 2.0 మీ., చివర 2.4 మీ.

వాన లెక్కలో అందరూ చేసే తప్పు 'రోజుకు 21 సెం.మీ.' అన్న అంకెను తీసుకోవడం. దాన్ని 24తో భాగిస్తే గంటకు 9 మి.మీ. కూడా రాదు. ఆ వానకు ఏ కాలువైనా సరిపోతుంది. వీధి మునిగేది ఆ 24 గంటల్లో అరగంటో గంటో కుండపోత పడినప్పుడు. కనుక 15 నిమిషాలకోసారి నమోదు చేసిన వానమాపకం వివరాలతో ఎంత జోరు వాన, ఎంతసేపు, ఎన్నేళ్ళకోసారి వస్తుందో చూపే తీవ్రత, వ్యవధి, పునరావృతి వక్రరేఖలు గీయాలి. 2019 నాటి కేంద్ర వాననీటి మాన్యువల్ మహానగరాల కేంద్ర, వాణిజ్య ప్రాంతాలకు ఐదేళ్ళకోసారి వచ్చే వానను తీసుకోమంటుంది.

ఇంటి కప్పు నుంచి ఇన్‌లెట్‌కు నీరు చేరడానికి 15 నిమిషాలు, కాలువలో 900 మీ. ప్రయాణానికి 11 నిమిషాలు, మొత్తం 26. ఆ వ్యవధికి గంటకు 80 మి.మీ. తీవ్రత తీసుకున్నాం. పారుదల గుణకం, అంటే పడిన వానలో ఇంకకుండా కాలువకు వచ్చే వంతు, 0.95. ఇది ఎక్కువ అనిపిస్తుంది గానీ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే పట్టణాల్లో కొత్త కాలువలకు 0.95 దాకా లెక్కించమని చెప్పింది. నవంబరులో, నేల అప్పటికే నానిపోయాక, టి.నగర్‌లో ఇంకేది ఏమీ ఉండదు.

గంటకు ఘనపు మీటర్లలో ప్రవాహం కావాలంటే 10ని గుణకంతో, తీవ్రతతో, హెక్టార్లతో గుణించాలి. 10 × 0.95 × 80 × 36 = 27,360. సెకనుకు 7.6 ఘ.మీ. ఇదే పరివాహకానికి గుణకం 0.6, తీవ్రత 50 వేస్తే సెకనుకు 3 ఘ.మీ. వస్తుంది. పాత కాలువ ఎందుకు చాలడం లేదో ఆ తేడాలోనే ఉంది.

తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి కదా, దాన్ని తీసివేయొచ్చు కదా అని అడుగుతారు. తీసివేయకూడదు. ఈశాన్య రుతుపవనాల్లో పెద్ద వాన వచ్చేసరికి ఆ గుంతలు నిండిపోయి ఉంటాయి. భూగర్భజలానికి అవి ఎంతో మేలు చేస్తాయి, కాలువ సైజుకు మాత్రం లెక్కలోకి రావు.

7.6కి ఒకే పెట్టె కాలువ వేస్తే లోపలి వెడల్పు 3 మీ. కావాలి. మంచినీటి గొట్టం, మురుగు గొట్టం, కరెంటు కేబుళ్ళు ఉన్న రోడ్డులో ఆ చోటు దొరకదు. రోడ్డుకు రెండు వైపులా 1.8 మీ. వెడల్పు, 1.8 మీ. ఎత్తు ఆర్‌సీసీ పెట్టెలు ఎంచుకున్నాం. నీటి లోతు 1.5 మీ., మానింగ్ గుణకం (కాలువ గరుకుదనం లెక్క) 0.015 వేస్తే వేగం సెకనుకు 1.44 మీ., ఒక్కోటి 3.88 ఘ.మీ. తీసుకెళ్తుంది. రెండూ కలిపి 7.76. కాగితం మీద సరిపోయింది. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి.

చివర నీరు లేస్తే

పైన వచ్చిన 3.88 అంకె, కాలువ చివర నీరు ఏ అడ్డూ లేకుండా జారిపోతే వచ్చేది. ఇప్పుడు మాంబలం కాలువలో మట్టం లేచిందనుకుందాం. కారణాలు మూడు: కాలువలోనే అడ్డంకులు, అడయారులో వరద, సముద్రపు పోటు. చెంబరంబాక్కం చెరువు వదిలే నీరు కూడా అడయారులోకే వస్తుంది. 2015 డిసెంబరు 1న అది 29,000 క్యూసెక్కులకు, అంటే సెకనుకు సుమారు 820 ఘ.మీ.కు చేరింది. మన ఉపపరివాహకం తెచ్చే నీరు అందులో నూరో వంతు కూడా కాదు. అలాంటి నదితో మన కాలువ పోటీ పడలేదు, అది ఎంత చోటిస్తే అంతే.

లెక్క ఇలా ఉంటుంది. మామూలుగా తలకూ చివరకూ నీటిమట్టంలో తేడా 0.9 మీ. తల దగ్గర నీరు స్లాబు అడుగును తాకేదాకా, అంటే ఇంకో 0.3 మీ. లేవనిద్దాం. చివర నీరు 0.6 మీ. లేస్తే మిగిలే తేడా 0.6 మీ. పెట్టె నిండుగా పారుతుంది కనుక పై స్లాబు రాపిడి కూడా కలుస్తుంది. ఒక్కో పెట్టెలో ప్రవాహం 3.27కు దిగుతుంది. చివర 0.9 మీ. లేస్తే తేడా 0.3 మీ., ప్రవాహం 2.3. అప్పటికి దిగువ చివర నీరు సరిగ్గా రోడ్డు మట్టానికి వచ్చి ఉంటుంది. 1.2 మీ. లేస్తే తేడా సున్నా. చుక్క కదలదు, పైపెచ్చు దిగువ ఇన్‌లెట్లలోంచి నీరు బయటికి పొంగుతుంది.

0.9 మీ. లేచినప్పుడు కూడా 3.9 పారాలంటే పెట్టె వెడల్పును 1.8 నుంచి 2.7కు పెంచాలి. ఒకటిన్నర రెట్లు. అంత చేసినా 1.2 మీ. దగ్గర అదీ సున్నాయే. పెద్ద కాలువ కావాలని అడిగే వార్డు సమావేశాల్లో ఈ ఒక్క లెక్క బల్ల మీద పెడితే చాలా వాదన తగ్గుతుంది.

చివర తలుపు గేటు, అంటే నీరు బయటికే పోనిచ్చి లోపలికి రానివ్వని ఫ్లాప్ గేటు, పెడితే? ఎగదన్నడం ఆగుతుంది. కానీ గేటు మూసుకున్నంతసేపూ మన వాన ఎక్కడికి పోవాలి? 7.6 మొత్తాన్ని పంపులతో ఎత్తాలంటే గంటకు 1,000 ఘ.మీ. పంపులు 28 కావాలి. వాటికి కరెంటు, చోటు, ఏడాదిలో పది రోజుల పని కోసం మిగతా రోజుల నిర్వహణ. అది దారి కాదు. పైగా ఫ్లాప్ గేటులో ఒక కొబ్బరి మట్ట ఇరుక్కుంటే చాలు, అది గేటు కాదు, అలంకారం. పెడితే దానికి ఎగువన కడ్డీల జాలీ, జాలీని శుభ్రం చేయడానికి మనిషి దిగే మెట్లు తప్పవు.

ముప్ఫై సెంటీమీటర్ల విలువ

చివర 0.9 మీ. లేచిందనుకుంటే రెండు కాలువలూ కలిపి 4.6 తీసుకెళ్తాయి. మిగిలేది సెకనుకు 3.0 ఘ.మీ. కుండపోత 25 నిమిషాలు సాగితే 4,500 ఘ.మీ. ఆ నీరు పరివాహకంలోని రోడ్లన్నిటి మీదా పరుచుకుంటే 8 సెం.మీ. లోతే. కానీ అలా పరుచుకోదుగా, పల్లపు మూడో వంతు రోడ్లలో చేరుతుంది. అక్కడ 25 సెం.మీ., పిక్కల లోతు. స్కూటర్ సైలెన్సర్ మునిగే లోతు కూడా అదే.

చివర 0.9కి బదులు 0.6 మీ. మాత్రమే లేస్తే కాలువలు 6.54 తీసుకెళ్తాయి. మిగిలేది 1.06, అదే 25 నిమిషాలకు 1,600 ఘ.మీ. దిగువన 30 సెం.మీ. తగ్గిస్తే ఎగువన మూడింట రెండు వంతుల నీరు మాయమైంది. డబ్బు ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తేలింది.

ఆ 30 సెం.మీ. ఎక్కడ దొరుకుతాయి? కల్వర్టుల దగ్గర. వాటి కంతల్లోంచి అడ్డంగా వెళ్ళే మంచినీటి గొట్టాలు, కేబుల్ కట్టలు, వాటికి పట్టుకున్న పాలిథీన్ సంచులు కలిసి దారిని ఇరుకు చేస్తాయి. ఇరుకులో వేగం సెకనుకు 2 మీ. ఉంటే లోపలికి దూరడానికీ, బయటపడి స్థిమితపడడానికీ పోయే మట్టం దాదాపు 30 సెం.మీ. గొట్టాలను కింది నుంచో పక్క నుంచో మళ్ళించి, కంత పెంచి వేగాన్ని 1.2కు దింపితే ఆ నష్టం 11 సెం.మీ.కు తగ్గుతుంది. ఒక్కో కల్వర్టుకు 20 సెం.మీ. లాభం. రెండు కల్వర్టులు బాగుచేస్తే మనకు కావలసిన ముప్ఫై దాటుతుంది. తొమ్మిది వందల మీటర్ల కొత్త కాంక్రీటు కంటే ఈ రెండు కల్వర్టులకే ముందు టెండరు పిలవాలి. చిక్కు ఏమిటంటే గొట్టం ఒక శాఖది, కేబుల్ ఇంకో శాఖది, కాలువ మూడో శాఖది. ఆ మూడు సంతకాలకు పట్టే నెలలు కార్యక్రమ పట్టికలో మొదటి గడిలోనే ఉండాలి.

మిగిలిన 1,600 ఘ.మీ.కు ఒక ఆటస్థలం సరిపోతుంది. 6,000 చ.మీ. మైదానం రోడ్డు ఎత్తు పెరుగుతూ రావడం వల్ల ఇప్పటికే 30 సెం.మీ. పల్లంలో ఉంది. ఇంకో 30 సెం.మీ. తవ్వితే కాలువ నిండినప్పుడు దాని మట్టానికి కిందుగా 1,800 ఘ.మీ. చోటు వస్తుంది. దిగువ అడ్డంకులు తీయకుండా 4,500 పట్టించాలంటే 75 సెం.మీ. లోతు నీరు నిలిపే గొయ్యి కావాలి, దాని చుట్టూ కంచె కావాలి, పిల్లలు ఆడుకునే చోట ఎవరూ ఒప్పుకోరు.

కాలువ నుంచి మైదానంలోకి నీరు పక్క అలుగు మీదుగా పొర్లుతుంది. అలుగు మీద 15 సెం.మీ. నీటి ఎత్తుతో 1.06 పొర్లడానికి లెక్కకు 11 మీ. పొడవు వస్తుంది. మైదానం నిండే కొద్దీ అలుగు మునిగి జోరు తగ్గుతుంది కనుక 15 మీ. పెట్టాం. చెరువు పూడ్చి కట్టిన ఊళ్ళో మళ్ళీ అలుగు కట్టడం, ఏం చేస్తాం. ఖాళీ చేయడానికి 300 మి.మీ. గొట్టం, వాల్వు. ఆరు గంటల్లో ఖాళీ అవుతుంది. గొట్టం కాలువలోకి దిగేచోట చిన్న ఫ్లాప్ ఉండాలి, లేకపోతే వాన తొలి గంటలోనే మురుగు కలిసిన నీరు అలుగును దాటకుండా దొడ్డిదారిన మైదానంలోకి వస్తుంది.

ఇన్‌లెట్లు

కాలువ సగం ఖాళీగా ఉండి రోడ్డు మునగడం చెన్నైలో వింత కాదు. 7.6 అంటే సెకనుకు 7,600 లీటర్లు. ఒక మంచి ఇన్‌లెట్ 25 లీటర్లు తీసుకుంటుంది, సగం ఆకులతో మూసుకుపోతుందని అనుకోవాలి. 608 కావాలి. ఈ పరివాహకంలో 6 కి.మీ. రోడ్లు, రెండు అంచులు కలిపి 12 కి.మీ. అంటే 20 మీ.కు ఒకటి. పల్లపు కూడళ్ళలో నాలుగేసి పక్కపక్కనే.

ప్రతి ఇన్‌లెట్‌కూ కాలువకూ మధ్య ఇసుక, పూడిక దిగే గుంత ఉండాలి, దాని మూతను ఇద్దరు మనుషులు ఎత్తగలగాలి. బరువు ఎక్కువైతే ఎవరూ ఎత్తరు, తక్కువైతే మూత పాత సామాన్ల దుకాణానికి పోతుంది. రోడ్డు వేసేటప్పుడు పాత తారును మిల్లింగ్ చేసి తీయకుండా పైన 40 మి.మీ. వేస్తే ఇన్‌లెట్ నోరు ఆ మేరకు మూసుకుపోతుంది. కొట్టు ముందు ర్యాంపు కట్టినా అంతే. ఇన్‌లెట్‌ను గోనెసంచితో మూసేసే ఇళ్ళవాళ్ళను తిట్టే ముందు అందులోంచి వచ్చే కంపూ దోమలూ చూడాలి. మురుగు కనెక్షన్లు తీసేయనంతకాలం ఆ సంచులు పోవు. వాన రోజున మురుగు మ్యాన్‌హోల్ మూత తెరిచి నీళ్ళు వదిలేయడం మరో అలవాటు. అప్పటికి వీధి తేలికపడుతుంది, పక్క వీధిలో స్నానాల గదుల్లోంచి మురుగు పైకి తన్నుతుంది.

సబ్‌వే వేరే లెక్క

దురైసామి సబ్‌వే, అరంగనాథన్ సబ్‌వే లాంటి రైలు కింది దారులను కాలువ లెక్కలో కలపకూడదు. అర హెక్టారు పల్లానికి పది నిమిషాల తీవ్రత గంటకు 120 మి.మీ. అనుకుంటే గంటకు 600 ఘ.మీ. గంటకు చెరి 300 ఘ.మీ. ఎత్తే పంపులు రెండు, అదనంగా ఒకటి, నీరు చేరే 50 ఘ.మీ. సంపు కావాలి. కరెంటు ప్యానెల్, జనరేటర్ పై రోడ్డు మట్టం కంటే ఎత్తులో ఉండాలి. ప్యానెల్ మునిగిపోయి పంపులు ఆగడం అన్నిటికంటే మామూలు వైఫల్యం. ఇంకా ముఖ్యమైనది, దిగే దారి మొదట్లో రోడ్డును 20–30 సెం.మీ. గుబ్బలా ఎత్తడం. బయటి వీధి నీరు లోపలికి దూకితే ఏ పంపూ చాలదు.

తవ్వకం

ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారంలో వస్తాయి. సెప్టెంబరు చివరికి తెరిచి ఉన్న ప్రతి గొయ్యీ మూసేలా జనవరిలో మొదలుపెట్టాలి. కాలువను దిగువ నుంచి ఎగువకే కట్టాలి. అలా కట్టితే పని సగంలో ఆగినా కట్టినంత మేర పనికొస్తుంది. ఎగువ నుంచి కట్టినది ఆగిపోతే ముందు లేని చోట కొత్త మడుగు తయారవుతుంది. కలపకుండా వదిలేసిన 20 మీటర్ల ముక్క 900 మీటర్లనూ పనికిరాకుండా చేస్తుంది. ఆ ముక్క వదిలేసేది ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, పెద్ద చెట్టు దగ్గరో, కోర్టు కేసు ఉన్న ప్రహరీ దగ్గరో. అందుకే డ్రాయింగు ఖాయం చేసేముందు ప్రతి 30 మీ.కు అడ్డంగా పరీక్ష గొయ్యి తవ్వి కేబుళ్ళు, గొట్టాలు కళ్ళతో చూడాలి.

పెట్టె గోడలు, స్లాబులు 200 మి.మీ. అయితే కాంక్రీటు మీటరుకు 1.6 ఘ.మీ., బరువు 4 టన్నులు. ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ ముక్కలైతే పని వేగంగా అవుతుంది, కానీ 2 మీ. ముక్క 8 టన్నులు. దాన్ని ఎత్తే క్రేన్ కాళ్ళు చాపడానికి చోటు, పైన వేలాడే తీగలు లేని ఆకాశం కావాలి. ప్రధాన రోడ్డులో ప్రీకాస్ట్, సందుల్లో అక్కడే పోయడం, ఇలా కలపడం మేలు.

ఇక తేలడం. కాంక్రీటు పెట్టె తేలుతుందంటే నవ్వుతారు. బయటి కొలత 2.2 మీ. చదరం, మీటరు పొడవుకు తోసిపుచ్చే నీరు 4.84 టన్నులు, పెట్టె బరువు 4. పక్కల మట్టి నింపకముందు వాన పడి గొయ్యి నిండితే పెట్టె లేస్తుంది. లేచి కూర్చున్నాక వాలు పోతుంది, జాయింటు విడుతుంది, తిరిగి పగలగొట్టడమే. అడుగు స్లాబును రెండు వైపులా 30 సెం.మీ. బయటికి చాచి, దాని మీద మట్టి బరువు పడేలా వెంటనే నింపాలి. గోడల్లో నీరు లోపలికి వచ్చే చిన్న కంతలు వదలాలి. కాంక్రీటు అప్పుడు మీటరుకు 1.72 ఘ.మీ., రెండు వైపులా 1,800 మీ.కు సుమారు 3,100 ఘ.మీ.

తవ్వే వెడల్పు 3.4 మీ., సగటు లోతు 2.5 మీ., మట్టి 15,300 ఘ.మీ. తవ్విన మట్టి పావు వంతు ఉబ్బుతుంది. పది ఘనపు మీటర్ల టిప్పర్లు 1,900 పైన. ఆ మట్టి ఎక్కడ పోస్తారో టెండరులోనే లేకపోతే అది రాత్రికి రాత్రి మాంబలం కాలువ ఒడ్డున తేలుతుంది, తొలి వానకు కాలువలోకి జారుతుంది. రోడ్డుకు ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు తవ్వాలి. రెండు వైపులా ఒకేసారి తవ్వితే కొట్లవాళ్ళకూ, అంబులెన్సుకూ దారి ఉండదు.

వెయ్యికి ఒకటి వాలంటే 10 మీ.కు ఒక సెంటీమీటరు. పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) బెడ్ పోసే మేస్త్రీ దారం చూసి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వేస్తే ఆ ముక్క ఎదురు వాలు అవుతుంది, అక్కడ నీరు నిలిచి పూడిక మొదలవుతుంది. ప్రతి 5 మీ.కు లెవెల్ చూసి, ఇంజనీరు సంతకం అయ్యాకే ఇనుము కట్టాలి. అడుగున కాంక్రీటు ఆరకముందే మధ్యలో వి ఆకారపు నిస్సార గాడి తీస్తే ఎండాకాలపు సన్నటి ధార అందులోనే పారుతుంది, అడుగంతా బురద పరవదు. స్లాబు సెంట్రింగ్ చెక్కలు, పోటు కర్రలు లోపలే వదిలేయడం మరీ మామూలు. మూత వేశాక ఎవరికీ కనబడవు, తొలి వానకు అన్నీ కొట్టుకొచ్చి ఒకచోట ఆనకట్ట కడతాయి.

అప్పగింత, ఆ తర్వాత

బిల్లు చివరి విడతకు ముందు మూడు పరీక్షలు చాలు. ఒకటి, అడుగు మట్టాలు తిరిగి తీయడం. రెండు, మనిషి దిగకుండా కెమెరాను లోపలంతా నడిపి, చెక్క, రాయి, అడ్డంగా మిగిలిన గొట్టం లేవని చూడడం. మూడు, తల దగ్గర 9,000 లీటర్ల ట్యాంకరు వదిలి, నీరు ఎక్కడైనా ఆగిందేమో ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరా చూడడం.

పూడిక 15 సెం.మీ. పేరుకుంటే ఒక్కో పెట్టె సామర్థ్యం 3.88 నుంచి 3.40కి, అడుగు గరుకుదనం కలిపితే ఇంకా కిందికి పడుతుంది. పూడిక పరిమాణం 486 ఘ.మీ., యాభై టిప్పర్లు. బిల్లు తూకం కాగితాల మీద గాక తీయకముందు, తీసిన తర్వాత లోతు కొలతల మీద చెల్లించాలి. తీసిన బురదను మ్యాన్‌హోల్ పక్కనే పోసి ఆరబెడితే సగం తిరిగి లోపలికే వెళ్తుంది. ఆగస్టులో ఒకసారి, అక్టోబరు తొలి వాన పడ్డాక ఇన్‌లెట్ గుంతలు మాత్రం ఇంకోసారి తీయాలి. ఆ తొలి వానే వేసవి చెత్తనంతా కిందికి తెస్తుంది.

మాంబలం కాలువ గోడ మీద పది సెంటీమీటర్లకో గీత గీసి, వానలో గంటకోసారి ఫోటో తీయించాలి. పక్కనే వానమాపకం. రెండు రుతువుల వివరాలు చేతిలో ఉంటే పైన అనుకున్న 0.6, 0.9 అంకెలు నిజమో కాదో తేలుతుంది. కాకపోతే మైదానం లోతు మార్చుకోవాలి, కాలువ వెడల్పు కాదు.

మైదానం వాల్వును వాన ముందురోజు మూసి, దిగువ కాలువ మట్టం తగ్గాక తెరవాలి. తెరవడం మర్చిపోతే రెండో వానకు ఆ చోటు నిండే ఉంటుంది, పథకం మొత్తం లేనట్టే. ఆ తాళంచెవి ఏ వార్డు డిపోలో, ఏ షిఫ్టు మనిషి దగ్గర ఉండాలో డ్రాయింగు మీదే, వాల్వు గుర్తు పక్కనే రాసి పెట్టాలి.